వాట్సాప్‌లో ఏపీకే పంపే ముందు లోపల ఏముందో ఒకసారి చూసుకోండి!

గత నెలలో మా పిన్ని కొడుకు తెనాలి నుంచి ఫోన్ చేశాడు. వాళ్ల నాన్నగారికి పాల వ్యాపారం ఉంది. రోజూ దాదాపు మూడు వందల ఇళ్లకి పాల ప్యాకెట్లు వేస్తారు. ఎవరికి ఎన్ని ప్యాకెట్లు, ఎవరు ఏ రోజు వద్దన్నారు అన్న లెక్క పుస్తకంలో రాసుకోలేక అవస్థ పడుతుంటే మనవాడు ఫ్లట్టర్‌లో ఒక యాప్ తయారు చేశాడు. బీటెక్ మూడో సంవత్సరం కుర్రాడు, యాప్ నిజంగానే బాగుంది.

“అన్నయ్యా, ఏపీకే పంపించాను. నీ ఫోన్‌లో వేసి చూసి బాగుందో లేదో చెప్పవా? రేపు పొద్దున కస్టమర్ల గ్రూప్‌లో పెట్టేస్తా” అన్నాడు.

నేను ఫోన్‌లో వేయలేదు. ముందు ల్యాప్‌టాప్‌లో సెవెన్-జిప్‌తో ఓపెన్ చేశాను. రెండు నిమిషాల్లో అసెట్స్ ఫోల్డర్‌లో ఒక జేసన్ ఫైల్ కనిపించింది. టెస్టింగ్ కోసం పెట్టుకున్న డేటా అట. కానీ అందులో ఉన్నవి నిజం కస్టమర్ల వివరాలు: పేరు, ఫోన్ నంబర్, డోర్ నంబర్, వాటితో పాటు ‘ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు పాలు వద్దు’. పాలు వద్దంటే ఏంటి అర్థం? ఆ ఇంటికి తాళం వేసి ఊరెళ్లారని! అంటే తెనాలిలో ఏ ఇల్లు ఎప్పుడు ఖాళీగా ఉంటుందో లిస్టు రాసి మూడు వందల ఫోన్లకి పంపబోతున్నాడన్నమాట.

వాడి తప్పు అని తిట్టి లాభం లేదు. ఇలా ఎవరికైనా జరగొచ్చు. షాపు కోసమో, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కోసమో, కాలేజీ ఫెస్ట్ కోసమో యాప్ చేసి ప్లే స్టోర్‌కి వెళ్లకుండా నేరుగా ఏపీకే పంచేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. ప్లే స్టోర్‌లో పెడితే కనీసం గూగుల్ వాళ్ల తనిఖీ ఒకటి ఉంటుంది. చేతి నుంచి చేతికి ఇచ్చినప్పుడు ఆ తనిఖీ మనమే చేసుకోవాలి. ఎలాగో ఇవాళ మా తమ్ముడి ఫైల్‌నే ముందు పెట్టుకుని చూద్దాం.

అసలు ఏపీకే అంటే ఏంటి?

సింపుల్‌గా చెప్పాలంటే ఏపీకే ఒక జిప్ ఫైల్. పేరు చివర ఏపీకే అని ఉంటుంది, అంతే తేడా. ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో ఓపెన్ చేస్తే మొట్టమొదట ‘పీకే’ అనే రెండు అక్షరాలు కనిపిస్తాయి. అవి జిప్ ఫార్మాట్ తయారుచేసిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలు.

విండోస్‌లో అయితే ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి సెవెన్-జిప్‌లో ఓపెన్ ఆర్కైవ్ అనండి. అది లేకపోతే ఫైల్ పేరు చివర ఏపీకే తీసేసి జిప్ అని మార్చినా చాలు. పీసీ లేనివాళ్లు ఫోన్‌లోనే జెడ్-ఆర్కైవర్ లాంటి యాప్‌తో లోపలికి వెళ్లొచ్చు. ఇలా చూడడం వల్ల యాప్ ఇన్‌స్టాల్ అవదు, రన్ కూడా అవదు. కాబట్టి భయపడాల్సిన పని లేదు.

లోపల ఏముంటాయంటే: ఆండ్రాయిడ్ మ్యానిఫెస్ట్ (యాప్ జాతకం లాంటిది), క్లాసెస్ డాట్ డెక్స్ (కోడ్), రిసోర్సెస్ డాట్ ఏఆర్‌ఎస్‌సీ, రెస్ ఫోల్డర్ (బొమ్మలు, స్క్రీన్ల డిజైన్), లిబ్ ఫోల్డర్, అసెట్స్ ఫోల్డర్, చాలావాటిలో మెటా-ఇన్ఫ్ అనే ఫోల్డర్. డెక్స్ ఫైళ్లు రెండు మూడు కనిపిస్తే కంగారు పడకండి. ఒక్కో డెక్స్ ఫైల్‌లో 65,536 మెథడ్స్ వరకే పడతాయి, అంతకు మించితే రెండోది తయారవుతుంది.

అసెట్స్ ఫోల్డర్: ముందు ఇక్కడికే వెళ్లండి

నా అనుభవంలో పరువు పోయే ఫైళ్లు ఎక్కువగా దొరికేది ఇక్కడే. అసెట్స్‌లో మనం ఏది పెడితే అది యథాతథంగా ప్యాకేజీలోకి వెళ్లిపోతుంది. ఎన్‌క్రిప్షన్ ఏమీ ఉండదు. ‘యాప్‌లో ఆ స్క్రీన్ తీసేశాను కదా’ అనుకుంటాం, కానీ ఆ స్క్రీన్ వాడిన ఫైల్ మాత్రం అక్కడే కూర్చుని ఉంటుంది.

ఫ్లట్టర్ యాప్‌లో అయితే అసెట్స్ లోపల ఫ్లట్టర్-అసెట్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. తమ్ముడి ఫైల్‌లో కస్టమర్ల లిస్టు దొరికింది అక్కడే. దాని పక్కనే ఇంకొకటి ఉంది, డాట్ ఎన్వ్ ఫైల్. పాస్‌వర్డ్‌లు, కీలు కోడ్‌లో రాయకూడదు, ఎన్వ్ ఫైల్‌లో పెట్టాలి అని యూట్యూబ్ పాఠాల్లో చెబుతుంటారు. సర్వర్ ప్రోగ్రామ్ విషయంలో అది కరెక్టే, ఎందుకంటే ఆ ఫైల్ సర్వర్ దాటి బయటికి రాదు. ఫ్లట్టర్‌లో అదే పని డాట్‌ఎన్వ్ ప్యాకేజీతో చేస్తే ఆ ఫైల్‌ని అసెట్‌గా చూపించాలి. చూపించారంటే అది ఏపీకేలోకి వెళ్లిపోతుంది. దాచాం అనుకున్నది అందరికీ పంచిపెట్టినట్టు అవుతుంది. తమ్ముడి ఎన్వ్ ఫైల్‌లో పేమెంట్ గేట్‌వే సీక్రెట్ కూడా ఉంది. అది ఎవరి చేతికైనా చిక్కితే బాబాయి గారి ఖాతాకి వచ్చిన పేమెంట్లు చూడొచ్చు, రిఫండ్‌లు కూడా ఇచ్చేయొచ్చు.

ఒక చిన్న చిట్కా. మ్యాక్‌లో ఏపీకే విప్పితే, చుక్కతో మొదలయ్యే ఫైళ్లు కనిపించవు. కమాండ్, షిఫ్ట్, చుక్క మూడూ కలిపి నొక్కితే బయటపడతాయి. అది నొక్కకుండా ‘ఏమీ లేదు’ అని సర్టిఫికెట్ ఇచ్చేయకండి.

“పోనీ అన్నయ్యా, ఎన్వ్ ఫైల్ తీసేసి ఆ సీక్రెట్‌ని డార్ట్ కోడ్‌లోనే రాసేస్తా. కంపైల్ అయిపోతుంది కదా, ఎవరికి కనిపిస్తుంది?” అన్నాడు. కనిపిస్తుంది. ఫ్లట్టర్ కోడ్ మొత్తం లిబ్ ఫోల్డర్‌లో లిబ్‌యాప్ అనే ఫైల్‌గా మారుతుంది. దాని మీద స్ట్రింగ్స్ అనే చిన్న టూల్ నడిపితే కోట్‌లలో రాసిన మాటలు చాలావరకు అలాగే బయటికొస్తాయి. ఆబ్ఫస్కేట్ ఆప్షన్ పెట్టినా అది క్లాసుల పేర్లు, ఫంక్షన్ల పేర్లు మారుస్తుందే కానీ కోట్‌లలో రాసిన మాటల్ని దాచదు. జావా, కోట్లిన్ యాప్‌లైతే ఇంకా తేలిక. జాడెక్స్ అనే ఉచిత టూల్‌లో ఏపీకే వేస్తే డెక్స్ కోడ్‌ని చదవగలిగే జావాగా మార్చి చూపిస్తుంది.

అయితే కనిపించిన ప్రతి కీ ప్రమాదకరం కాదు. ఇక్కడే చాలామంది అనవసరంగా హైరానా పడతారు. ఫైర్‌బేస్ కాన్ఫిగ్‌లో ఉండే ఏపీఐ కీ యాప్‌లో ఉండడం మామూలే. అక్కడ అసలు రక్షణ మన సెక్యూరిటీ రూల్స్‌లో ఉంటుంది. రూల్స్ ‘ఎవరైనా చదవొచ్చు’ అని వదిలేస్తే తప్పు కీది కాదు, మనది. గూగుల్ మ్యాప్స్ కీ కూడా యాప్‌లో ఉంటుంది, కాకపోతే గూగుల్ క్లౌడ్ కన్సోల్‌లోకి వెళ్లి మన ప్యాకేజీ పేరుకి, మన సంతకం ఫింగర్‌ప్రింట్‌కి మాత్రమే పనిచేసేలా కట్టేయాలి. పేమెంట్ గేట్‌వేలలో రెండు ముక్కలుంటాయి. కీ ఐడీ యాప్‌లో ఉండొచ్చు, కీ సీక్రెట్ సర్వర్‌లోనే ఉండాలి. ఫైర్‌బేస్ సర్వీస్ అకౌంట్ జేసన్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ యాప్‌లో ఉండకూడదు. దానితో మీ డేటాబేస్ మొత్తం రూల్స్‌తో పనిలేకుండా తెరుచుకుంటుంది.

కాబట్టి ఏపీకేని ఒక ఫోల్డర్‌లోకి విప్పి, ఫైళ్ల లోపలి టెక్స్ట్ కూడా వెతికే ఎడిటర్‌తో కొన్ని మాటలు వెతకండి: సీక్రెట్, పాస్‌వర్డ్, టోకెన్, బిగిన్ ప్రైవేట్ కీ. ఇవన్నీ ఇంగ్లిష్‌లోనే టైప్ చేయాలి లెండి. వాటితో పాటు 192.168, 10.0.2.2 కూడా వెతకండి. మొదటిది మీ ఇంటి వైఫై అడ్రస్, రెండోది ఎమ్యులేటర్‌లో నుంచి మీ ల్యాప్‌టాప్‌ని పిలిచే అడ్రస్. సర్వర్ అడ్రస్ చోట ఇవి ఉండిపోతే మీ ఇంట్లో బ్రహ్మాండంగా పనిచేసిన యాప్ బాబాయి గారి ఇంట్లో గిరగిరా తిరుగుతూ ఉండిపోతుంది. పది అంకెల ఫోన్ నంబర్లు కూడా వెతికితే ఇంకా మంచిది.

మ్యానిఫెస్ట్: మీ యాప్ ఏమేం అడుగుతోంది?

మ్యానిఫెస్ట్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి, ఎందుకంటే అది బైనరీ రూపంలో ఉంటుంది. ఆండ్రాయిడ్ స్టూడియోలో బిల్డ్ మెనూలో అనలైజ్ ఏపీకే అని ఉంటుంది. అందులో ఫైల్ చూపిస్తే మ్యానిఫెస్ట్ చక్కగా చదవగలిగేలా వస్తుంది. ఏ ఫోల్డర్ ఎంత సైజుందో కూడా చెబుతుంది. కమాండ్ లైన్ అలవాటున్నవాళ్లు ఏఏపీటీ2 టూల్‌కి డంప్ పర్మిషన్స్ అని చెప్పినా చాలు.

‘మ్యానిఫెస్ట్ నేను రాసిందే కదా, మళ్లీ చూడడం ఎందుకు’ అనుకోవద్దు. మీరు రాసింది ఒకటి, ప్యాకేజీలోకి వెళ్లేది ఇంకొకటి. మీరు వాడిన ప్రతి లైబ్రరీకి సొంత మ్యానిఫెస్ట్ ఉంటుంది. బిల్డ్ సమయంలో అవన్నీ కలిసిపోయి ఒక్కటవుతాయి. ఉదాహరణకి గూగుల్ మొబైల్ యాడ్స్ లైబ్రరీ పెట్టుకుంటే అడ్వర్టైజింగ్ ఐడీ పర్మిషన్ మీరు అడగకపోయినా వచ్చి చేరుతుంది. అందుకే పూర్తయిన ఏపీకేలో చూడాలి, ప్రాజెక్ట్‌లో కాదు.

దీనికి ఉల్టా కూడా ఉంది. ఫ్లట్టర్ కొత్త ప్రాజెక్ట్‌లో ఇంటర్నెట్ పర్మిషన్ డీబగ్ మ్యానిఫెస్ట్‌లోనూ ప్రొఫైల్ మ్యానిఫెస్ట్‌లోనూ ఉంటుంది కానీ మెయిన్‌లో ఉండదు. మనం గానీ, ఏదైనా ప్లగిన్ గానీ చేర్చకపోతే రిలీజ్ ఏపీకేకి నెట్ రాదు. ‘నా దగ్గర పనిచేసింది, వాళ్ల దగ్గర పనిచేయట్లేదు’ అనే కంప్లయింట్లలో ఇదీ ఒకటి.

తమ్ముడి మ్యానిఫెస్ట్‌లో మాత్రం రీడ్ ఎస్సెమ్మెస్, రిసీవ్ ఎస్సెమ్మెస్ రెండూ కనిపించాయి. పాల యాప్‌కి మెసేజ్‌లు చదవాల్సిన పనేంటి? అడిగితే, ఓటీపీ దానంతట అదే నిండడానికి ఎక్కడో చూసి పెట్టానన్నాడు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

ట్రాఫిక్ చలానా అని, పీఎం కిసాన్ అని, పెళ్లి శుభలేఖ అని వాట్సాప్‌లో వచ్చే దొంగ ఏపీకేల గురించి మీరు వినే ఉంటారు. అవి మొదట అడిగేది ఎస్సెమ్మెస్ పర్మిషనే. బ్యాంకు ఓటీపీ రాగానే అటు పంపేస్తాయి. కొన్ని యాక్సెసిబిలిటీ సర్వీస్ కూడా అడుగుతాయి, అది ఇస్తే స్క్రీన్ మీద ఏముందో చదవగలవు, మన తరఫున నొక్కగలవు కూడా. ఈ బెడద చూసే గూగుల్ 2024 ఫిబ్రవరిలో సింగపూర్‌లో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. బ్రౌజర్ నుంచో, మెసేజింగ్ యాప్ నుంచో, ఫైల్ మేనేజర్ నుంచో వచ్చిన యాప్ ఇలాంటి సున్నితమైన పర్మిషన్లు అడిగితే ప్లే ప్రొటెక్ట్ ఇన్‌స్టాలేషన్‌నే ఆపేస్తుంది. అదే ఏడాది అక్టోబర్‌లో దాన్ని మన దేశానికి కూడా తెస్తున్నట్టు ప్రకటించింది. అంటే తమ్ముడు ఎంత మంచివాడైనా, అతని యాప్ కస్టమర్ల ఫోన్లకి దొంగ యాప్‌లాగే కనిపించే అవకాశం ఉంది. కనిపించాలి కూడా!

పరిష్కారం ఉంది. ఎస్సెమ్మెస్ రిట్రీవర్ అనే గూగుల్ ఏపీఐ వాడితే ఒక్క పర్మిషన్ కూడా అడగకుండానే ఓటీపీ నిండుతుంది, అదీ మన యాప్ కోసం వచ్చిన ఆ ఒక్క మెసేజ్ మాత్రమే మన చేతికి వస్తుంది. తమ్ముడు అదే పెట్టాడు.

మ్యానిఫెస్ట్‌లోనే ఇంకొక్కటి చూడండి. డీబగ్గబుల్ అన్నది ట్రూ అని ఉంటే ఆ ఫైల్ బయటికి పంపొద్దు. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యాప్ దాచుకున్న ఫైళ్లు చదివేయొచ్చు.

సంతకం ఎవరిది?

ప్రతి ఏపీకేకీ డిజిటల్ సంతకం ఉంటుంది. ఆండ్రాయిడ్ ఎస్‌డీకేతో వచ్చే ఏపీకే-సైనర్ టూల్‌కి వెరిఫై అని చెప్పి, ప్రింట్-సెర్ట్స్ ఆప్షన్ ఇస్తే ఆ సంతకం ఎవరిదో చూపిస్తుంది. మనవాడి ఫైల్‌లో వచ్చిన పేరు ‘ఆండ్రాయిడ్ డీబగ్’. రిలీజ్ బిల్డే చేశాను అని ఒట్టేసి చెప్పాడు, అది కూడా నిజమే. ఫ్లట్టర్ కొత్త ప్రాజెక్ట్‌లో రిలీజ్ బిల్డ్ కూడా డీబగ్ కీతోనే సంతకం అవుతుంది, సొంత కీ పెట్టుకోమని అక్కడ ఒక కామెంట్ రాసి ఉంటుంది. ఆ కామెంట్ చదివేది ఎవరు చెప్పండి!

అయితే ఏమవుతుంది? డీబగ్ కీ మీ ల్యాప్‌టాప్‌లో దానంతట అదే పుట్టింది. విండోస్ మళ్లీ వేస్తే పోతుంది. కొత్త ల్యాప్‌టాప్‌లో వేరే కీ వస్తుంది. వేరే కీతో చేసిన కొత్త వెర్షన్‌ని పాతదాని మీద ఫోన్ ఎక్కనివ్వదు. మూడు వందల మందీ పాత యాప్ తీసేసి కొత్తది వేసుకోవాలి, ఫోన్‌లో దాచుకున్న డేటా పోతుంది. కాబట్టి మొదటి ఫైల్ బయటికి పోకముందే సొంత కీస్టోర్ చేసుకుని, దాని కాపీ ఒక పెన్‌డ్రైవ్‌లోనూ పాస్‌వర్డ్ వేరేచోటా దాచుకోవాలి. ఇది తర్వాత సరిదిద్దుకునే విషయం కాదు.

అదే టూల్‌కి వెర్బోస్ ఆప్షన్ కూడా ఇస్తే రిపోర్ట్‌లో వీ1, వీ2, వీ3 అని కనిపిస్తాయి. వీ1 ఒక్కటే ఉంటే ఒప్పుకోకండి. 2017లో బయటపడిన జానస్ అనే లోపంతో, వీ1 సంతకం మాత్రమే ఉన్న ఏపీకే ముందు భాగంలో వేరే కోడ్ అతికించినా పాత ఆండ్రాయిడ్‌లు సంతకం సరిగ్గానే ఉందనుకునేవి. ఆండ్రాయిడ్ 7తో వచ్చిన వీ2 మొత్తం ఫైల్‌ని కలిపి చూస్తుంది కాబట్టి ఆ ఆట సాగదు.

సంతకం సరిగ్గా ఉంటే యాప్ మంచిదని మాత్రం అర్థం కాదు. 2017 ఆగస్టులో సీక్లీనర్ 5.33 వెర్షన్ అధికారిక సైట్ నుంచే, అసలైన కంపెనీ సంతకంతోనే వచ్చింది. లోపల మాల్‌వేర్ ఉంది. దాదాపు 22.7 లక్షల మంది కంప్యూటర్లలోకి వెళ్లిందని కంపెనీయే చెప్పింది. ఎందుకంటే దొంగలు సంతకం జరగకముందే లోపలికి దూరారు. 2019లో క్యామ్‌స్కానర్ సంగతి మన ఫోన్ వాడకందార్లకి గుర్తుండే ఉంటుంది. పది కోట్లకు పైగా డౌన్‌లోడ్లు ఉన్న యాప్‌ని ప్లే స్టోర్ నుంచి కొన్నాళ్లు తీసేశారు. అందులో ఉన్న ఒక యాడ్ లైబ్రరీలో మాల్‌వేర్ ఉందని కాస్పర్‌స్కీ కనిపెట్టింది. మనం రాసిన కోడ్ పది లైన్లైనా, తెచ్చుకున్న లైబ్రరీల బరువు కూడా మనదే. జాడెక్స్‌లో ప్యాకేజీల పేర్ల చెట్టు ఒకసారి పైనుంచి కిందకి చూడండి. ఎప్పుడో ట్రై చేసి వదిలేసిన ప్లగిన్లు, ఎక్కడివో తెలియని పేర్లు కనిపిస్తే ప్రాజెక్ట్‌లోంచి తీసేయండి.

సైజు సంగతి

తమ్ముడి ఫైల్ 41 ఎంబీ ఉంది. లిబ్ ఫోల్డర్‌లో మూడు రకాల ప్రాసెసర్ల కోసం మూడు కాపీలున్నాయి. వాటిలో ఎక్స్86 ఫోల్డర్ ఎక్కువగా ఎమ్యులేటర్లకే పనికొస్తుంది. స్ప్లిట్ పర్ ఏబీఐ అనే ఆప్షన్‌తో బిల్డ్ చేస్తే వేర్వేరు ఫైళ్లు వస్తాయి, ఒక్కొక్కటి 15 ఎంబీ దగ్గరికి దిగింది. ఇప్పటి ఫోన్లలో ఎక్కువ వాటికి ఆర్మ్64 చాలు. చాలా పాత ఫోన్ల కోసం ఆర్మ్‌వీ7 ఫైల్ కూడా దగ్గర ఉంచుకోండి.

పంపేటప్పుడు

అన్నీ సరిచేసి మళ్లీ బిల్డ్ చేశాక, మళ్లీ ఓపెన్ చేసి చూడాలి. ప్రాజెక్ట్‌లో తీసేశాం కదా అనే ధీమాతో పంపొద్దు. తర్వాత ఆ ఫైల్ హ్యాష్ తీయండి. విండోస్‌లో సర్ట్‌యుటిల్ కమాండ్‌కి హ్యాష్‌ఫైల్ అని చెప్పి, ఫైల్ పేరు, షా256 ఇస్తే 64 అక్షరాల నంబర్ వస్తుంది. ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా ఆ నంబర్ మారిపోతుంది. ఫైల్ ఒక చోట, ఈ నంబర్ ఇంకో చోట పెడితే, ఎవరైనా మీ పేరుతో వేరే ఫైల్ తిప్పుతున్నప్పుడు తేడా పట్టుకోవచ్చు. నిజం చెప్పాలంటే పాలు పోయించుకునే పెద్దావిడ హ్యాష్ సరిచూసుకోరు. కానీ గొడవ వచ్చినప్పుడు ‘మేం పంపిన ఫైల్ ఇది కాదు’ అని చూపించడానికి మన దగ్గర ఒక ఆధారం ఉంటుంది.

వైరస్‌టోటల్‌లో కూడా ఒకసారి వేయొచ్చు. అక్కడ అప్‌లోడ్ చేసిన ఫైల్ సెక్యూరిటీ కంపెనీల చేతికి కూడా వెళ్తుందని గుర్తుంచుకోండి. అందుకే కస్టమర్ల లిస్టు, సీక్రెట్‌లు తీసేశాకే అక్కడికి వెళ్లాలి, ముందు కాదు.

తమ్ముడి కథలో ఒక చిక్కు మిగిలింది. “అన్నయ్యా, నీకు పంపే ముందే పాత ఫైల్ ఒక పదకొండు మందికి టెస్టింగ్‌కి ఇచ్చాను” అని చివర్లో చెప్పాడు. వాట్సాప్‌లో డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొట్టమన్నాను. కానీ ఇన్‌స్టాల్ అయిపోయిన యాప్‌ని అది వెనక్కి తేలేదు. ఏపీకే ఒకసారి గడప దాటితే అందులో ఉన్న సీక్రెట్ బయటపడినట్టే లెక్క. కాబట్టి అదే రాత్రి గేట్‌వే డ్యాష్‌బోర్డ్‌లోకి వెళ్లి పాత కీ రద్దు చేసి కొత్తది తీసుకున్నాం, దాన్ని సర్వర్‌లో పెట్టాం. పేమెంట్ల లిస్టు మొత్తం చూశాం, తెలియని రిఫండ్ ఏదీ లేదు. కీ మార్చొచ్చు కానీ జనాల డోర్ నంబర్లు మార్చలేం కదా! బాబాయి ఆ పదకొండు ఇళ్లకీ పాలు వేసేటప్పుడు స్వయంగా వెళ్లి ఫోన్‌లో పాత యాప్, డౌన్‌లోడ్స్‌లో ఉన్న ఫైల్ రెండూ తీయించారు. లిస్టులో ఆ వారం ఊరెళ్లినట్టున్న నాలుగు కుటుంబాలకీ ఫోన్ చేసి జరిగింది చెప్పారు. ఒకాయన గట్టిగానే తిట్టారట. కొత్త ఏపీకే గ్రూప్‌లోకి వెళ్లింది ఆ తర్వాత నాలుగు రోజులకి.